మూడు గంటల లెక్క

మడత మాస్టారికి కూర్చోవడం చేతకాదు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఒకే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పనిచేసిన మనిషి, ఎవరింటికి వెళ్లినా గోడకు చేరబడి నిలబడతాడు. ఒకసారి వదిన జాలిపడి బల్ల పక్కన కుర్చీ వేయించింది. సాయంత్రానికల్లా దాని మీద తడి తువ్వాళ్లు గుట్టగా పేరుకున్నాయి. మర్నాడు ఆవిడే దాన్ని తీయించేసింది.

లాండ్రీ మాస్టారి అన్నయ్యది. అన్న పోయాక వదిన నెత్తిన పడింది. ముందు గదిలో గాజు తలుపు, కౌంటరు, సంచుల్లో వేలాడే బట్టల వరసలు, ఒక పంకా. వెనక గదిలో రెండు ఉతికే మిషన్లు, ఒక ఆరబెట్టే మిషను, మూలన బాయిలరు, దుప్పట్లు నొక్కే పెద్ద ఆవిరి ప్రెస్సు, స్ప్రింగుకు వేలాడే ఇస్త్రీపెట్టె, దాని కింద మాస్టారి బల్ల. వెనక గదికి ఒకటే కిటికీ. వీధి దుమ్ము పడితే తెల్లబట్టలు మట్టిపాలవుతాయని అన్న బతికుండగానే దాన్ని మూసేసి, సందుల్లో చిక్కటి రంగు పూసి బిగించేశాడు. అప్పటినుంచీ ఆ కిటికీ గోడలో కలిసిపోయినట్టే.

మాస్టారు చొక్కా పట్టాడంటే కాలరు మొదట, తర్వాత భుజం, తర్వాత కఫ్‌లు, చేతులు, చివరికి ముందు పలకలు. ఈ వరస తప్పిన వాడితో ఆయన పెద్దగా మాట్లాడడు. ఆ మాటకొస్తే వరస తప్పని వాడితోనూ మాట్లాడడు. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనుకుంటాడు" అనేది వదిన. ఆవిడ మాత్రం ఆ లోటు తన వంతుగా పూడ్చేది. ఆవిడ కూతురు కౌంటరు చూసేది. వచ్చినవాళ్లతో ఇట్టే కలిసిపోయే పిల్ల, కానీ మనసంతా ఇస్త్రీ బల్ల మీదే. "ఒక్క చొక్కా చేస్తాను బాబాయ్" అని నాలుగేళ్లుగా అడుగుతోంది. బాబాయి విన్నట్టే ఉండేవాడు కాదు. ఆ ఇస్త్రీపెట్టె పిడి మీద మరో చెయ్యి పడటం ఆయనకు గిట్టదు, అంతే.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఇచ్చినవాళ్లు ఆరు నెలలదాకా తీసుకెళ్లని బట్ట, దాన్ని ఇస్త్రీ చేసినవాళ్లకు చెందుతుంది. ఇస్త్రీ చేసేది ఒక్కడే కనక అన్నీ మాస్టారికే చేరేవి. అందుకే ఆయన ఒంటి మీద ఎప్పుడూ ఎవరో పెద్ద ఉద్యోగి చొక్కా, ఎవరో బక్కపలచటి మనిషి ప్యాంటు ఉండేవి. పెళ్లి చేసుకోలేదు. రెండో అంతస్తులో ఒక గది, ఒక స్టవ్వు, మనుషులు మరిచిపోయిన బట్టలతో నిండిన బీరువా. అదీ సంసారం.

కుక్క కూడా ఆ పద్ధతి ప్రకారమే వచ్చింది.

బూడిదరంగు కోటు వేసుకునే ఒక పెద్దాయన పాత ఖాతాదారు. ఒకరోజు కోటు విప్పి కౌంటరు మీద పెట్టి, చేతిలో ఉన్న తాడు కూడా అక్కడే పెట్టాడు. తాడు రెండో చివర గోధుమరంగూ తెలుపూ కలిసిన చిన్న కుక్క, చెవులు మెడ దాటి వేలాడుతున్నాయి. "రెండ్రోజులు ఆసుపత్రిలో పని ఉందమ్మా. కోటు ఉతికి ఉంచండి. దీన్ని ఉతక్కపోయినా ఫర్వాలేదు" అన్నాడు. వదిన కోటుకు చీటీ రాసి, నవ్వుతూ నకలు చీటీని కుక్క మెడపట్టీకి గుచ్చింది. పెద్దాయన కూడా నవ్వుకుంటూ వెళ్లాడు. మళ్లీ రాలేదు. మూడు వారాలకు ఆయన మేనల్లుడెవరో ఫోను చేసి, మామయ్య పోయాడనీ, కోటూ కుక్కా ఏం చేసుకుంటారో మీ ఇష్టమనీ చెప్పి పెట్టేశాడు.

ఆరు నెలలు నిండిన రోజున, అందాకా కుక్కను ఇంట్లో ఉంచుకున్న కూతురు తీర్పు చెప్పింది. "కోటు ఇస్త్రీ చేసింది బాబాయ్. కోటుదీ కుక్కదీ ఒకటే నంబరు. రెండూ బాబాయివే."

సాయంత్రం మాస్టారు కోటు ఒక చేతిమీద వేసుకుని, తాడు రెండో చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్లాడు. అప్పటికే అందరూ దాన్ని చీటీ అని పిలుస్తున్నారు.

టీకాకు తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టరమ్మ దాని జాతి పేరు చెప్పింది, కావలియర్ స్పానియల్ అని. "పేరులో కావలి ఉంది, ఇక మనకు తాళాలెందుకు" అంది వదిన. ఉన్నమాట చెప్పాలంటే, దొంగ వస్తే చీటీ వాడి ఒళ్లో కూర్చుని చెవులు నిమిరించుకునే రకం. డాక్టరమ్మ నవ్వలేదు. స్టెతస్కోపు దాని పక్కటెముకల మీద పెట్టి చాలాసేపు విన్నది.

"గుండెలో ఒక చప్పుడుంది మాస్టారూ. కొట్టుకునే చప్పుడుకీ చప్పుడుకీ మధ్య బుస్సుమంటోంది. ఎడంపక్క రెండు గదుల మధ్య ఒక కవాటం ఉంటుంది. రక్తం ముందుకు పోగానే అది మూసుకోవాలి. దీనికి ఆ రెక్కలు మందమైపోతున్నాయి, పూర్తిగా మూసుకోవడం లేదు. కాస్త రక్తం వెనక్కి కారుతోంది."

"బాయిలరు వాల్వులాగా" అన్నాడు మాస్టారు.

"అచ్చం అలాగే."

"మార్చేయొచ్చుగా. మేం రెండేళ్లకోసారి మారుస్తాం."

"మనుషులకైతే మారుస్తారు. కుక్కలకు చేసేవాళ్లు ప్రపంచం మొత్తం వెతికినా కొద్దిమందే. మన దగ్గర లేరు. ఈ జాతికి ఇది ఇంటిపేరులాంటిది. వయసు మీదపడిన వాటిలో ఈ చప్పుడు లేనిదాన్ని వెతుక్కోవాలి. మనం చెయ్యగలిగింది, వీలైనంత ఆలస్యం చెయ్యడమే."

మందేమిటని వదిన అడిగింది. ఇప్పటికి మందేమీ లేదు, బరువు పెరగనివ్వకండి, ఏడాదికోసారి తీసుకురండి అంది డాక్టరమ్మ. జబ్బుందని చెప్పి మందు లేదనడం ఏం వైద్యమో వదినకు కొరుకుడు పడలేదు. దారంతా గొణుగుతూనే ఉంది. మాస్టారికి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. చిన్నగా కారే వాల్వుతో బాయిలరు ఏళ్ల తరబడి నడవడం ఆయన చూశాడు. కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

రెండేళ్లు అలా గడిచాయి. ఆ రెండేళ్లూ చీటీ ఆయన వెంటే షాపుకొచ్చేది. దాని చోటు ఇస్త్రీ బల్ల కింద, ప్రెస్సుకూ గోడకూ మధ్య సందులో. పడుకుంటే ముక్కు మాస్టారి చెప్పును తాకేది. ఆయన కాలు మార్చాలంటే ముందు కిందికి చూసి మార్చేవాడు. కూతురు ఇది గమనించి, "మా బాబాయి జీవితంలో మొదటిసారి వంగి చూస్తున్నది ఒక ఆడదాన్నే" అని ఏడిపించేది. ఆయన చెవులు ఎర్రబడేవి.

మూడో ఏడు స్కానింగులో గుండె పెద్దదైందని తేలింది. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర, తిండికి గంట ముందు. దాంతోపాటు డాక్టరమ్మ ఇంకో పని అప్పగించింది.

"ఊపిరి లెక్కపెట్టాలి. ఛాతీ లేచి పడితే ఒకటి. గాఢంగా నిద్రపోతున్నప్పుడే చూడాలి. కలలు కంటూ కాళ్లాడిస్తుంటే వద్దు, మేలుకుని రొప్పుతుంటే అసలొద్దు. నిమిషానికి ముప్ఫై లోపుంటే నిశ్చింతగా ఉండండి. వరసగా రెండ్రోజులు ముప్ఫై దాటితే నాకు చెప్పండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంటే బయటికి కనిపించే ముందే ఈ లెక్కలో తెలుస్తుంది. రోజూ ఒకే వేళకు లెక్కపెట్టండి."

ఏ వేళో, ఎలాగో అన్నీ చెప్పింది. ఎక్కడ లెక్కపెట్టాలో ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఆరునూరైనా మధ్యాహ్నం మూడు గంటలకు చీటీ ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. అందుకని మాస్టారు ఆ వేళ ఎంచుకున్నాడు. మూడు కాగానే ఇస్త్రీపెట్టె పైకి తగిలించి, బల్ల పక్కన గొంతుక్కూర్చుని, గోడ గడియారం చూస్తూ పెదవులు కదపకుండా లెక్కపెట్టేవాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఆయన పనివేళలో మోకాళ్లు వంచింది దానికోసమే. లెక్క ఒక ఖాళీ చీటీ మీద రాసి, షాపు తేదీ ముద్ర కొట్టి, గోడమీది తీగకు గుచ్చేవాడు. ఆదివారం షాపు మూత. ఆ రోజు ఇంట్లో మూడింటికి లెక్కపెట్టి, ముద్ర ఉండదు కనక పెన్సిలుతో తేదీ వేసి, సోమవారం తెచ్చి అదే తీగకు గుచ్చేవాడు. తీగ నిండితే ఇంకో తీగ. ఆ ఏడు చలికాలమంతా ఇరవై నాలుగు, ఇరవై ఆరు, మహా అయితే ఇరవై ఎనిమిది.

చలి తగ్గే రోజుల్లో ఒక తెల్లవారుజామున చీటీ పడుకోలేకపోయింది. కూర్చుని మెడ చాపి దగ్గింది, పడుకోబోయి లేచింది, మళ్లీ కూర్చుంది. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. మాస్టారికి లెక్కపెట్టే పని లేకపోయింది. దాన్ని బూడిదరంగు కోటులో చుట్టుకుని డాక్టరమ్మ ఇంటి తలుపు తట్టాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ప్రాణవాయువు పెట్టెలో రెండ్రోజులు ఉంచి, సూదిమందులిచ్చి, ఒంట్లోని నీటిని బయటికి తోడే నీటి మాత్ర ఒకటి కొత్తగా జతచేసి పంపారు. ఆ రెండ్రోజులూ మాస్టారు చొక్కాలు చేశాడుగానీ, ఒక చొక్కాకు ఒకే కఫ్ ఇస్త్రీ అయి వెళ్లింది. ఖాతాదారు తిరిగి తెచ్చి వదినకు చూపించాడు. అలాంటిది ఆ షాపులో ఎన్నడూ జరగలేదు.

చీటీ కోలుకుంది. మళ్లీ బల్ల కింద తన చోటు వెతుక్కుంది. తర్వాత ఎండలు మొదలయ్యాయి. అదే సమయానికి ఒక పెద్ద హోటలు తన దుప్పట్లన్నీ వీళ్లకివ్వడం మొదలుపెట్టింది. ప్రెస్సు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆగకుండా నడిచేది.

ఒక మంగళవారం లెక్క చీటీ మీద ముప్ఫై రెండు పడింది. బుధవారం ముప్ఫై నాలుగు.

ఫోను మాస్టారికి సరిపడదు కాబట్టి కూతురు చేసింది. డాక్టరమ్మ నీటి మాత్ర సగం పెంచమంది. సోమవారం ఫోనులో ఆవిడ, "నిన్న ఎంత?" అని అడిగితే కూతురు తీగ మీది పెన్సిలు చీటీ చూసి "ఇరవై రెండు" అంది. మాత్ర పనిచేస్తోందన్నమాట అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మంగళవారం ముప్ఫై ఆరు. గురువారం ముప్ఫై ఎనిమిది. మళ్లీ పెంచారు. మూడో వారంలో నలభై. మాత్రను రోజుకు మూడుసార్లు చేశారు. మాస్టారి లెక్క తప్పదని డాక్టరమ్మకు నమ్మకం. అది నిజమే. ఆ చీటీల్లో ఒక్కటీ తప్పు లెక్క కాదు. తలప్రాణం తోకకొచ్చేదాకా ఎవరికీ వేరే అనుమానం రాలేదు.

చీటీ కుండెడు నీళ్లు తాగేది, గంటకోసారి బయటికి పోతానని తలుపు గీకేది. తర్వాత తిండి మానేసింది. తర్వాత వాంతి. ఒక శుక్రవారం ఉదయం ఇంటి మెట్లు దిగుతూ మూడో మెట్టు మీద వెనక కాళ్లు మడతపడి అలాగే కూలబడింది. లేపితే తోక మాత్రం ఊపింది.

మాస్టారు దాన్నీ, రెండు తీగలనూ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. తీగలెందుకు తీసుకెళ్లాడో ఆయనకే తెలియదు. చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలనిపించి ఉంటుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది, రక్తం తీసింది. చాలాసేపటికి బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది. మాస్టారు నిలబడే ఉన్నాడు.

"ఊపిరితిత్తుల్లో చుక్క నీరు లేదు. ఒళ్లంతా ఎండిపోయింది. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఇది గుండె చేసిన పని కాదు మాస్టారూ. మాత్రలు చేసిన పని. నేనిచ్చిన మాత్రలు." ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది. "ఊపిరితిత్తులు ఇంత పొడిగా ఉంటే నిద్రలో నలభై ఎక్కడిది? మీరు నిద్రలోనే చూశారా?"

"నిద్రలోనే."

ఆవిడ తీగలు తీసుకుని చీటీలన్నీ ఊడదీసి బల్లమీద పరిచింది. వరసగా తేదీల ప్రకారం పేర్చడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మరో రకంగా పేర్చింది. ముద్ర ఉన్నవి ఒక పక్క, పెన్సిలువి ఒక పక్క. ఎండలు మొదలయ్యాక ముద్ర పడ్డవాటిలో ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది, నలభై. పెన్సిలు చీటీల్లో ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై రెండు.

"ఇవేంటి?"

"ఆదివారాలు" అన్నాడు మాస్టారు. "ఇంట్లో."

"మిగతావి?"

"షాపులో. బల్ల కింద."

డాక్టరమ్మ చీటీకి సెలైను ఎక్కించే ఏర్పాటు చేసి, తన సంచి భుజాన వేసుకుని, "పదండి, ఆ బల్ల చూడాలి" అంది.

వెనక గదిలోకి అడుగుపెట్టగానే ఆవిడ కళ్లద్దాలు తెల్లగా మసకబారిపోయాయి. తీసి తుడుచుకుంది, మళ్లీ మసకబారాయి. రెండు నిమిషాలకు మెడ మీద చెమట కారడం మొదలైంది. ఎదురుగా వదిన మణికట్టు దాకా చేతులున్న రవికె మీద స్వెట్టరు వేసుకుని దుప్పట్లు మడతపెడుతోంది. ఆమె నుదుటి మీద చెమట బొట్టు లేదు.

"మీకు ఉక్కగా లేదా?" అంది డాక్టరమ్మ.

"ఇవాళ కాస్త చల్లగానే ఉంది తల్లీ" అంది వదిన. "నీకు నీరసంగా ఉందా? నీళ్లు తెమ్మంటావా?"

డాక్టరమ్మ సంచిలోంచి ఉష్ణమాపకం తీసి, వంగి, బల్ల కింద చీటీ పడుకునే చోట పెట్టింది. అందరూ దానివంక చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాల తర్వాత తీసి మాస్టారి చేతికిచ్చింది. ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. వీధిలో ఆ రోజు ముప్ఫై.

"కుక్కకు మనలా చెమట పట్టదు. ఊపిరితోనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది" అందావిడ. "ఇక్కడ ఏ కుక్కను పడుకోబెట్టినా నలభై వస్తుంది. చలికాలంలో వేడి కాస్త తక్కువ కాబట్టి లెక్క సరిగానే వచ్చింది. మీకెవరికీ తెలియలేదా ఇంత వేడి?"

ఎవరికీ తెలియలేదు. అదే ఇక్కడి సంగతి. కొత్తగా పనికి చేరినవాళ్లు మొదటి వారం చెమటలు కక్కి, రెండో వారం పారిపోతారు. ఉన్నవాళ్లకు వేడి అనేది ఒకటుంటుందని గుర్తుండదు. ఆ రోజు మాత్రం మాస్టారు ఉష్ణమాపకం చేత్తో పట్టుకుని, అంకె చూస్తూ, ఆ అంకె తనకు ఎక్కడా తగలనందుకు తెల్లబోయి నిలబడ్డాడు.

కిటికీ తెరవమంది డాక్టరమ్మ. దుమ్ము, తెల్లబట్టలు, మా ఆయన మూసిన కిటికీ, అని వదిన మూడు మాటల్లో కొట్టిపారేసింది. అలా అయితే కుక్క ఈ గదిలోకి రాకూడదు అంది డాక్టరమ్మ.

మూడు రోజుల సెలైనుతో చీటీ నిలబడింది. మాత్రలు పాత లెక్కకు తగ్గాయి. మూత్రపిండాలు పూర్తిగా కాకపోయినా చాలావరకు సర్దుకున్నాయి. ప్రాణం దక్కింది, కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ఇంట్లో వదిలి రావడానికి లేదు. నీటి మాత్ర మింగే కుక్కను రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి. ముందు గదిలో పంకా కింద పడుకోబెడితే, అది లేచి మాస్టారు ఉన్న వెనక గదికి నడుచుకుంటూ వచ్చేది. మధ్యలో అడ్డు పెడితే అడ్డు దగ్గర నిలబడి ఏడ్చేది. ఆయాసపడేది. గుండె జబ్బు కుక్కను అలా ఏడవనివ్వకూడదు. రెండ్రోజులు చూశారు. మూడో రోజు ఉదయం మాస్టారు ఇస్త్రీపెట్టెను నీళ్లుపోసి వేడిచేసి, సిద్ధంగా తగిలించి, ముందు గదికొచ్చి కౌంటరు వెనక నిలబడ్డాడు.

"నువ్వెళ్లు" అన్నాడు కూతురితో.

ఆ పిల్ల ముందు అర్థం కాక చూసింది. అర్థమయ్యాక, నాలుగేళ్లు అడిగి సాధించుకోలేనిది ఇలా చేతికొచ్చినందుకు సంతోషించాలో లేదో తెలియక, "కాలరు మొదట, అంతేగా బాబాయ్?" అంది.

"అంతే" అన్నాడు.

కౌంటరు దగ్గర ఆయన తిప్పలు చెప్పనలవి కాదు. ఒకామె ఖరీదైన గౌను తెచ్చి, "ఈ మరక పోతుందా అండీ?" అని ఆశగా అడిగితే, "పోదు" అన్నాడు. ఆమె గౌను తీసుకుని వెళ్లిపోయింది. వదిన తల పట్టుకుంది. "ప్రయత్నిస్తామనాలయ్యా. కొత్త మరకా పాతదా అని అడగాలి. మాట అరువు తెచ్చుకోవాలా?" ఆయన సరేనన్నాడు. మర్నాడు నుంచి ప్రతి ఒక్కరినీ, దుప్పటి తెచ్చినవాళ్లను కూడా, కొత్తదా పాతదా అని అడగడం మొదలుపెట్టాడు. వెనక గదిలోంచి కూతురు చేసిన చొక్కాలు వచ్చేవి. కాలరు మొనలు కాస్త వంకర. మాస్టారు వాటిని సంచిలో పెట్టే ముందు బొటనవేలితో రుద్ది, ఇక చూడలేక కళ్లు తిప్పుకునేవాడు. ఆయన ముప్ఫయ్యొక్క ఏళ్ల పేరు ఆ కాలర్ల మీద వీధిలోకి పోతోంది. అది ఆయనకు బాధగానే ఉండేది. అయినా చీటీ కౌంటరు కింద, పంకా గాలికి చెవి వెంట్రుకలు కదులుతుండగా, ముక్కు ఆయన చెప్పుకు ఆనించి పడుకునేది. మూడింటికి గొంతుక్కూర్చుని లెక్కపెట్టేవాడు. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ముద్ర కొట్టి తీగకు గుచ్చేవాడు.

లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా వస్తే వేలు పైకెత్తి చూపేవాడు, ఒక్క నిమిషం అని. ఖాతాదార్లు అలవాటుపడ్డారు. వాళ్లూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. తర్వాత "ఎంతండీ ఇవాళ?" అని అడిగేవాళ్లు. ఆయన చెప్పేవాడు. ఒకరోజు ఒకాయన తన ఇంట్లో కూడా అదే జాతి కుక్క ఉందని, నిద్రలో ఊపిరి వేగంగా ఉందని అంటే, మాస్టారు ఏకబిగిన పది నిమిషాలు మాట్లాడాడు. "మొదట ఎక్కడ పడుకుంటుందో చూడండి. మీకు చల్లగా ఉందా లేదా అన్నది వదిలేయండి. మీ ఒంటిని నమ్మకండి. ఉష్ణమాపకం పెట్టండి. అంకె చూసి, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి, కానీ వెళ్లండి." వెనక గదిలో వదిన మడత ఆపి విన్నది. మరిది గొంతు అంతసేపు వినడం ఆవిడకు అదే మొదలు.

అలా పందొమ్మిది నెలలు. ఇంత జబ్బులో అన్ని నెలలు బాగా బతికినట్టే అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. చివరి వారంలో ముప్ఫై నాలుగు వచ్చింది, పంకా కింద, చల్లటి రోజున. మాస్టారు ఉష్ణమాపకం చూసి, ఇక వేరే అనుమానం లేదని తెలుసుకుని, ఫోను తనే చేశాడు. ఈసారి లెక్క చెప్పింది నిజం. మాత్రలు పెంచారు, సూదులిచ్చారు, నాలుగు రోజులు తగ్గింది, ఐదో రోజు మళ్లీ పెరిగింది. ఒక బుధవారం ఉదయం డాక్టరమ్మ బల్ల మీద, బూడిదరంగు కోటు మీద తల పెట్టుకుని చీటీ పోయింది. మాస్టారు దాని చెవి పట్టుకుని నిలబడ్డాడు. ఏడ్చాడు. చప్పుడు లేకుండా, కానీ దాచుకోకుండా ఏడ్చాడు.

నాలుగు రోజులు షాపుకు రాలేదు. సోమవారం వచ్చి కౌంటరు వెనక నిలబడితే వదిన దగ్గరికొచ్చింది.

"ఇంక ఇక్కడ నిలబడటమెందుకయ్యా" అంది మెల్లగా. "నీ బల్ల నీకు. పిల్ల మళ్లీ కౌంటరుకొస్తుంది. హోటలువాళ్లు కూడా మాస్టారి చేతి కాలరే కావాలంటున్నారు."

ఆయన తలూపి వెనక గదిలోకి వెళ్లాడు. కూతురు పక్కకు తప్పుకుంది. ఇస్త్రీపెట్టె పిడి అరచేతిలో పాత చోటనే అమరింది. చొక్కా పరిచాడు. కాలరు, భుజం, కఫ్‌లు. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. మొదటి చొక్కా, రెండో చొక్కా. మూడో చొక్కా కాలరు మీద ఏదో పడి గుండ్రంగా తడిసింది. మాస్టారు ఇస్త్రీపెట్టె ఎత్తి చూశాడు, కారుతోందేమోనని. కారడం లేదు. ఇంకో చుక్క పడింది. చేత్తో నుదురు తడుముకున్నాడు. అరచెయ్యంతా తడి.

ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఆయన చెమట ఒక్క చొక్కా మీదా పడలేదు. పందొమ్మిది నెలలు పంకా కింద నిలబడ్డ ఒళ్లు పాత పాఠం మరిచిపోయింది. మెడ, వీపు, మోచేతుల మడతలు, అన్నీ కారుతున్నాయి. ఊపిరి ఆడటం లేదు. ఆయన నోరు తెరుచుకుని ఊపిరి పీల్చాడు, వదిలాడు, పీల్చాడు. అప్పుడు వంగి బల్ల కిందికి, ప్రెస్సుకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి చూశాడు. అక్కడికి చెయ్యి పెట్టి నేలను తాకాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైందయ్యా?" అంది వదిన.

"ఇంత వేడా వదినా ఇక్కడ?"

"ఎప్పుడూ ఉన్నదేగా."

"దాన్ని ఇందులో పడుకోబెట్టాను" అన్నాడు మాస్టారు. "నా కాళ్ల దగ్గరుంటుందని. రోజూ, అన్నేళ్లు. అది లేచి వెళ్లలేదు వదినా. వెళ్లొచ్చుగా. తలుపు తీసే ఉండేది."

మాస్టారు ఇస్త్రీపెట్టెను పైకి తగిలించి, పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, అన్న పూసిన రంగును సందుల్లోంచి గీకడం మొదలుపెట్టాడు. వదిన తెల్లబట్టల వంక చూసింది, మరిది వీపు వంక చూసింది. తర్వాత వెళ్లి బట్టల మీద పాత దుప్పటి ఒకటి కప్పింది. గంట పట్టింది. రెక్కలు కిర్రుమని తెరుచుకుంటే వీధి గాలి లోపలికొచ్చింది. కూతురు నుదుటికి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంది.

"నువ్వు చెయ్యమ్మా" అన్నాడు మాస్టారు ఆ పిల్లతో. "కాలరు మొన దగ్గర పెట్టెను తిప్పకు, ఎత్తి పెట్టు." ముందు గదికొచ్చి కౌంటరు వెనక నిలబడ్డాడు. గడియారం మూడు కొట్టింది. ఆయన అలవాటుగా గొంతుక్కూర్చున్నాడు. అలాగే ఒక నిమిషం ఉండి, లేచి, ఎదురుచూస్తున్న మనిషి చేతిలోంచి కోటు అందుకుని చీటీ రాశాడు.